దుబారా అంటే ఏంటి? ఎవరు ఎవర్ని అనాలి?



ఈసారి వీసాల గురించి కాదు, గంటకు ఎంత ఇస్తున్నారనే దాని గురించీ కాదు. ఒక మాట గురించి రాస్తున్నాం. దుబారా. బ్రాంప్టన్‌లో మా ఇంట్లో ఆరుగురం ఉంటాం. ఇద్దరు గోదావరి వాళ్లు, ఇద్దరు కరీంనగర్ వైపు, ఒకాయన శ్రీకాకుళం, ఒకాయన కడప. అందరం కట్టుబడి పని వాళ్లమే. సగం మంది గల్ఫ్ చూసి ఇటు వచ్చినవాళ్లం. పోయిన వారం మాలో చిన్నోడు 220 డాలర్లు పెట్టి చలికాలం బూట్లు కొన్నాడు. అట్టపెట్టె ఇంకా తెరవనే లేదు, "ఏందిరా తమ్మీ ఈ దుబారా" అన్నాడు ఒకాయన. అన్నాయన వేలికి తులం ఉంగరం ఉంది. చిన్నోడు ఊరుకోలేదు. వంట ఆగిపోయింది, రాత్రి పదకొండు దాకా ఆ ఒక్క మాట మీదే నడిచింది.

మేం చదివింది పదో తరగతి. పండితులం కాదు. కానీ ఈ మాట మన మీద రోజూ పడుతుంది, మనమూ పక్కవాడి మీద రోజూ వేస్తాం. అందుకని కూర్చుని ఆలోచించాం. మాకు తట్టింది రాస్తున్నాం, మీరు తిట్టినా సరే.

ముందు మాట సంగతి. మా సైటు మీద పంజాబీ వాళ్లు ఎక్కువ. కొత్తగా వచ్చిన మన కుర్రాడు ఒకడు డ్రైవాల్ షీటు కొలత తప్పి కోశాడు. పంజాబీ ఫోర్‌మ్యాన్ చూసి "దోబారా కర్" అని వెళ్లిపోయాడు. మనోడి ముఖం మాడిపోయింది. మా దగ్గరికి వచ్చి, "ఒక్క షీటు పాడైతే నన్ను దుబారా మనిషి అంటాడా అన్నా" అని బాధపడ్డాడు. నవ్వాపుకోలేక చచ్చాం. ఆయన అన్నది "మళ్లీ చెయ్" అని. దో అంటే రెండు, బార్ అంటే సారి. పారసీ నుంచి ఉర్దూకు, హిందీకి వచ్చిన మాట. వాళ్ల దగ్గర దాంట్లో తిట్టేమీ లేదు. దోబారా కలుద్దాం అంటారు, దోబారా చెప్పు అంటారు. అనవసరంగా డబ్బు పోస్తే వాళ్లు అనేది ఫజూల్ ఖర్చీ అని.

అదే సైటులో బెంగళూరు వైపు ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు. కన్నడంలో దుబారి అంటే ఖరీదైనది అని చెప్పాడు. ఉల్లిగడ్డ ధర పెరిగితే దుబారి అంటారట. చూడండి, ఒక దగ్గర "మళ్లీ", ఒక దగ్గర "ఖరీదు". మన దగ్గరికి వచ్చేసరికి మనిషి గుణం మీద పడే మరక అయింది. వస్తువును ఎవరూ దుబారా వస్తువు అనరు. దుబారా మనిషి అంటారు, దుబారా పిల్ల అంటారు, వాడిది దుబారా చెయ్యి అంటారు. ఒకసారి అంటుకుంటే పదేళ్లు పొదుపు చేసినా పోదు.

మన తెలుగులో డబ్బు పాడుచేయడానికి మాటలు తక్కువేం లేవు. మా ఆరుగురి దగ్గరే బోలెడు తేలాయి. దండగ ఉంది. అది దండన, దండం వైపు మాట, అంటే జరిమానా లాంటిది. తప్పు పార్కింగ్ చేసి టికెట్ తెచ్చుకుంటే అది అసలు సిసలు దండగ. డబ్బు పోయింది, చేతికి ఏమీ రాలేదు. వృథా ఉంది. అది ఎక్కువగా వస్తువుకు అంటాం. పైపు కారిపోతే నీళ్లు వృథా, వండింది పారేస్తే అన్నం వృథా. జల్సా ఉంది, దాంట్లో కనీసం మనిషికి సుఖం ఉంది. ఎచ్చులు ఉంది, గోదావరి అన్న చెప్పాడు. మన సుఖం కోసం కాదు, పక్కోడి కళ్లల్లో పడటం కోసం పెట్టేది. కరీంనగర్ తమ్ముళ్లు పైసలు ఆగం చేసుడు అంటారు. అది ఖర్చు పెట్టినప్పుడు అనేది కాదు, అంతా అయిపోయి ఇల్లు అల్లకల్లోలం అయినాక అనేది. ఇన్ని మాటలు ఉండగా మనం అన్నిటినీ ఒక్క దుబారాలో కుక్కేశాం. బూట్లూ దుబారానే, పార్కింగ్ టికెట్టూ దుబారానే, చెల్లెలి ఫీజూ దుబారానే. పనిముట్లన్నీ పక్కన పెట్టి, మేకు కొట్టాలన్నా స్క్రూ బిగించాలన్నా సుత్తే పట్టుకున్నట్టుంది.

మా మట్టుకు మాకు ఆ పంజాబీ ఫోర్‌మ్యాన్ అర్థమే పనికొచ్చేలా ఉంది. ఒకసారి అయిపోవాల్సిన దానికి రెండోసారి డబ్బు పెట్టాల్సి వస్తే అది దుబారా. ఎంత పెట్టాం అనేది కాదు లెక్క. మళ్లీ పెట్టాల్సి వచ్చిందా లేదా అనేది లెక్క. 220 పెద్ద అంకె కాబట్టి దుబారా, 60 చిన్న అంకె కాబట్టి పొదుపు అనుకోవడం చిన్నపిల్లల లెక్క.

సైటు మీద చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. రెండు చలికాలాల కింద ఒక ఇంటి పనిలో ఉన్నాం. ఫామ్‌వర్క్ అయింది (మన సెంట్రింగే), స్లాబు కాంక్రీటు పోయాలి. నవంబరు చివర. ఇక్కడ గాలి 5 డిగ్రీలకు దిగిందంటే చలి జాగ్రత్తలు మొదలుపెట్టాలి. పోసిన కాంక్రీటు మీద దుప్పట్లు కప్పాలి, చుట్టూ టార్పాలిన్ కట్టాలి, లోపల హీటరు పెట్టాలి. మన దగ్గర ఎండకు ఎండిపోకుండా గోనెసంచులు తడుపుతాం కదా, ఇక్కడ గడ్డకట్టకుండా దుప్పటి కప్పుతాం. పసిబిడ్డ లెక్కనే చూసుకోవాలి, మొదటి రోజులే దాని ప్రాణం. ఓనరు తరఫు మనిషి వచ్చి ప్రొపేన్ ఖర్చు చూసి, రెండు రాత్రులు హీటరు ఎందుకు, దుప్పట్లు చాలు, వేస్టు అన్నాడు. చెప్పి చూశాం. వినలేదు. రాత్రి మైనస్ 12 అయింది. గడ్డకట్టింది. తర్వాత పైపొర పెచ్చులు పెచ్చులుగా లేచింది. జాక్‌హ్యామర్ పట్టి పగలగొట్టి, చెత్త బిన్ను తెప్పించి, మళ్లీ కంబి కట్టి, మళ్లీ పంపు బండి పిలిచి, మళ్లీ కాంక్రీటు పోశాం. ఈసారి హీటరు పెట్టారు. ఆ ప్రొపేన్ డబ్బులు మొదటే పెట్టి ఉంటే ఒక్కసారితో పోయేది. దోబారా.

ఇది చిన్న ఇళ్లకే కాదు. టొరంటోలో ఎగ్లింటన్ రోడ్డు మీద లైట్ రైల్ సంగతి మీకు తెలిసిందే. పని 2011లో మొదలైంది. 19 కిలోమీటర్లు, 25 స్టేషన్లు. 2020లో రైలు నడవాలి అన్నారు. నడవలేదు. 2023లో దాన్ని చూసే మెట్రోలింక్స్ పెద్దాయనే చెప్పాడు, నాణ్యత లోపాలు 260 దాకా ఉన్నాయని, కొన్ని చోట్ల పట్టాలు ఉండాల్సిన కొలతలో లేవని. వేసిన పట్టా మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. పట్టా దగ్గర మిల్లీమీటరు తప్పితే ఎంత పని పెరుగుతుందో మనలో ఆ పని చేసినవాళ్లను అడగండి. ఆ రోడ్డు మీద చిన్న చిన్న షాపుల వాళ్లు ఏళ్ల తరబడి దుమ్ము తిని బతికారు.

సరే, బూట్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ సైటు మీద అడుగు పెట్టాలంటే పచ్చ త్రికోణం గుర్తున్న బూటు ఉండాలి. ముందు వేళ్లకు దెబ్బ తగలకుండా గట్టి టోపీ, అడుగున మేకు దిగకుండా పలక. ఆ గుర్తు ఉంటే గేటు దాటొచ్చు. కానీ ఆ గుర్తు చలి సంగతి చెప్పదు. చవక బూటులో స్టీలు టోపీ ఉంటుంది. స్టీలు చలిని లాక్కుంటుంది. మైనస్ 20లో అది వేళ్ల మీద ఐసుముక్క పెట్టినట్టే. కాంపోజిట్ టోపీ, లోపల మందం అస్తరు ఉన్నది కొనాలంటే డబ్బు ఎక్కువ. మేం కొన్న లెక్క చెప్తాం. 60, 70 డాలర్ల బూటు ఒక చలికాలం కూడా సరిగా నిలవలేదు. ఉప్పు నీళ్లకు కుట్లు ఊడతాయి, జనవరిలో ఇంకో జత. 220 పెట్టిన జత మూడో చలికాలం నడుస్తోంది. మూడేళ్లలో చవక బూట్లు ఆరు జతలు, మంచిది ఒక్క జత. లెక్క మీరే చేసుకోండి.

లెక్క కంటే పెద్దది ఇంకోటి ఉంది. మా క్రూలో జగిత్యాల వైపు తమ్ముడు ఒకడు ఉండేవాడు. రెండేళ్ల కింద మొదటి చలికాలం. ఎవరో వదిలేసిన పాత బూట్లు వేసుకుని, లోపల రెండు జతల సాక్సులు తొడుక్కుని వచ్చేవాడు. సాక్సులు ఎక్కువైతే బూటు బిగిసి రక్తం ఆడదు, ఇంకా చలి ఎక్కుతుంది. మంచివి కొనుక్కో అని చెప్తే, "ఇంట్ల అడుగుతరన్నా. పోయిన నెల జాకెట్ కొన్నప్పుడే దుబారా జేస్తున్నవని మా నాయిన మాట్లాడలే" అన్నాడు. ఫిబ్రవరిలో ఒకరోజు పైకప్పు పని. సాయంత్రం బూటు విప్పితే రెండు వేళ్లు తెల్లగా, చెక్కలాగా ఉన్నాయి. తర్వాత నల్లబడ్డాయి. వేళ్లు దక్కాయి, దేవుడి దయ. ఆరు వారాలు పని లేదు. ఇప్పటికీ చలి పెడితే ఆ వేళ్లు మంట అంటాడు. ఆ తండ్రి చెడ్డవాడు కాదు. అప్పు తెచ్చి కొడుకును పంపినాయన. మైనస్ 20 అంటే ఆయనకు తెలియదు. ఆయన కళ్ల ముందు ఉన్నది డిసెంబరులో చలిమంట, పొద్దునే మఫ్లరు. ఆయన దగ్గర కొడుకును దూరం నుంచి కాపాడుకోవడానికి ఉన్న మాట ఒక్కటే, దుబారా. ఆ మాటే కొడుకు కాలి వేళ్ల మీదికి వచ్చింది.

కాఫీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో గొడవ దాని మీదికీ పోయింది. టిమ్ హోర్టన్స్‌లో రోజూ డబుల్ డబుల్ తాగేవాళ్లను దుబారా అనేవాళ్లు ఉన్నారు. రెండు క్రీములు, రెండు చక్కెరలు. ఆ మాట ఇక్కడ ఎంత అలవాటంటే 2004లో కెనడియన్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో కూడా ఎక్కింది. (మాటను బట్టి చూస్తే అసలు దుబారా అదే, అన్నీ రెండేసి.) ఇంట్లో చేసుకుంటే పావలా ఖర్చు కదా అంటారు. నిజమే. కానీ చలిలో నాలుగు గంటలు నిలబడి, పదిహేను నిమిషాలు వెచ్చగా కూర్చునే చోటు అది. పక్క సైటులో మనుషులు కావాలట అనే కబురు తెలిసేది అక్కడ. ఏ కంపెనీ జీతం ఎగ్గొడుతోందో తెలిసేదీ అక్కడే. మాలో ఇద్దరికి ఇప్పుడున్న పని ఆ బల్ల దగ్గరే దొరికింది. రోజుకు మూడుసార్లు పోయి, సిగరెట్టు కలిపి, నెలాఖరుకు అప్పు అడిగేవాడి సంగతి వేరు. ఆయన్ను మేం వెనకేసుకు రావట్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మాట ఎవరు ఎవర్ని అంటారో ఎప్పుడైనా గమనించారా? నీళ్లలాగా ఇది పల్లానికే పోతుంది. తండ్రి కొడుకును అంటాడు. మొగుడు పెళ్లాన్ని అంటాడు. అత్త కోడల్ని అంటుంది. అన్న తమ్ముణ్ణి అంటాడు. కింది నుంచి పైకి ఎవరూ అనరు. ఊళ్లో పెద్దమనిషి పదివేలు విసిరితే ఆయన చేతికి ఎముక లేదు అంటాం, అది పొగడ్త. అదే కూలివాడు కూతురికి రెండు వేల గౌను కొంటే దుబారా మనిషి. చేసిన పని ఒకటే, డబ్బు ఇవ్వడం. మారింది చెయ్యి.

మన ఆడవాళ్ల సంగతి చెప్తే మీకు కోపం రావచ్చు. ఇక్కడి నుంచి డబ్బు పంపుతాం కాబట్టి అక్కడ ఇంట్లో ప్రతి రూపాయికీ లెక్క అడుగుతాం. గ్యాస్ అయిందంటే అప్పుడే అయిందా అంటాం. పిల్లాడికి ట్యూషన్ అంటే దుబారా అంటాం. కడప అన్న వాళ్లావిడ ఒకసారి ఫోనులో అందట, "నువ్వు అక్కడ మందు తాగే డబ్బుకు పేరేంటో చెప్పు, నేను గ్యాసుకు పేరు చెప్తా" అని. అన్న ఆ సంగతి మాకు చెప్పి తనే నవ్వాడు. ఆమె అడిగింది న్యాయమే. సంపాదించే చేతికి మాట మీద కూడా హక్కు ఉందనుకుంటున్నాం. ఆ ఇల్లు నడిపే మనిషి పొదుపు చేయకపోతే మనం పంపింది పదో తారీఖు దాకా కూడా రాదు.

ఇక్కడ కెనడాలో ఒకటి మాకు నచ్చింది. వీళ్లు ఈ మాటను పైకి అంటారు. కెనడియన్ ట్యాక్స్‌పేయర్స్ ఫెడరేషన్ అని పన్ను కట్టేవాళ్ల పేరు మీద మాట్లాడే సంస్థ ఒకటుంది. ఏటా టెడ్డీ అవార్డులు ఇస్తుంది, ప్రభుత్వ డబ్బు దుబారా చేసినవాళ్లకు. బహుమతి బంగారు రంగు పంది బొమ్మ. టెడ్ వెదరిల్ అనే పెద్ద అధికారి ఖర్చులు మితిమీరి 1999లో పదవి పోగొట్టుకున్నాడు, ఆయన పేరు మీదే టెడ్డీ. ఆ సంస్థ రాజకీయాలు మనకు అనవసరం. కానీ పెద్దవాళ్ల ఖర్చును పేరు పెట్టి, పందిని పక్కన పెట్టి అడుగుతున్నారు కదా. కోవిడ్ అప్పుడు విమానం దిగితే అరైవ్‌క్యాన్ యాప్ నింపమన్నారు, గుర్తుందా? 2024 ఫిబ్రవరిలో ఆడిటర్ జనరల్ రిపోర్టు వచ్చింది. దానికి సుమారు 5 కోట్ల 95 లక్షల డాలర్లు అయిందని అంచనా వేసింది. లెక్కలు సరిగా రాయలేదు కాబట్టి కచ్చితంగా ఎంతో చెప్పలేమని కూడా రాసింది. మన సైటులో ఒక బిల్లు పోతే ఎంత రచ్చ అవుతుందో తెలుసు కదా. అంత పెద్ద ఆఫీసులో లెక్కే లేదు.

మన ఇళ్లలో పైకి అనని దుబారాలు ఏవి? మొదటిది ఊళ్లో ఇల్లు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. మేం ఇళ్లు కట్టేవాళ్లం, ఇల్లు వద్దని ఎలా అంటాం? అమ్మానాన్న వాన పడితే తడవకుండా ఉండాలి, అది ఖర్చు కాదు, బాకీ. మేం అనేది ఆ పైన వేసే రెండో అంతస్తు. పక్కింటి గల్ఫ్ అన్న ఒక అంతస్తు వేశాడు కాబట్టి మనం రెండు. పైన ఎవరూ ఉండరు. ఉండే ఇద్దరు ముసలివాళ్లు మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేరు. తాళం వేసిన గదుల్లో పావురాలు. ఐదేళ్లకు నీరు దిగి పైకప్పు చెమ్మ ఎక్కితే వాటర్‌ప్రూఫింగ్‌కు మళ్లీ ఇక్కడి నుంచి డబ్బు. రంగులకు మళ్లీ. రాజుల సొమ్ము రాళ్ల పాలు అని సామెత. మనం రాజులం కూడా కాదు. దీన్ని మాత్రం ఎవరూ దుబారా అనరు, ఎందుకంటే కట్టమన్నది పెద్దవాళ్లు.

రెండోది ఫంక్షన్లు. ఓణీల ఫంక్షనుకు డ్రోను కెమెరా, ఎల్ఈడీ తెర, ఎనిమిది వందల మందికి భోజనం. దీని మీద మాలో మాకే పొత్తు కుదరలేదు. శ్రీకాకుళం అన్న మాట ఏంటంటే, ఊళ్లో పేదవాడికి నలుగురూ ఇంటికి వచ్చి తిని పోయే రోజు జీవితంలో రెండుసార్లో మూడుసార్లో వస్తుంది, దాన్ని కూడా లెక్క కడతారా అని. పైగా చదివింపులు వస్తాయి, మనం పెట్టింది తిరిగి వస్తుంది, అది ఊరి చిట్టీ లాంటిది అన్నాడు. దాంట్లో నిజం ఉంది. ఢిల్లీలో కూడా ఒకసారి దీని మీద చట్టం తేవాలని చూశారు. బిహార్ ఎంపీ రంజీత్ రంజన్ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. పెళ్లికి 5 లక్షలు దాటి ఖర్చు పెట్టేవాళ్లు అందులో 10 శాతం పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్ల కోసం ఇవ్వాలని. 2017లో పేపర్లలో వచ్చింది. చట్టం కాలేదు. అయినా 5 లక్షల గీత ఒకరికి చిల్లర, ఒకరికి పదేళ్ల చాకిరీ. గీత అంకె దగ్గర గీస్తే కుదరదు.

మేం గీత గీసేది అప్పు దగ్గర. అప్పు చేసి పప్పు కూడు అని సామెత, 1959లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. ఆ రోజుల్లో అప్పు షావుకారు దగ్గర. ఇప్పుడు ఫోనులో. ఫంక్షను ఎల్లుండి, క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీసి పంపేవాళ్లు మాకు తెలుసు. వస్తువు కొంటే గడువు తేదీ దాకా వడ్డీ ఉండదు, క్యాష్ తీస్తే ఆ రోజు నుంచే మొదలు, వడ్డీ ఏడాదికి 20 శాతం పైమాటే. ఇంకొందరు పేడే లోన్ షాపుకు పోతారు. 2025 జనవరి 1 నుంచి కెనడాలో మామూలు అప్పుల మీద వడ్డీ ఏడాదికి 35 శాతం దాటితే నేరం. కానీ పేడే లోనుకు వేరే లెక్క, వందకు 14 డాలర్ల దాకా తీసుకోవచ్చు. చిన్నగానే కనపడుతుంది. 500 తీసుకుంటే రెండు వారాల్లో 570 కట్టాలి. ఒంటారియోలో 2025 అక్టోబరు నుంచి కనీస కూలి గంటకు 17 డాలర్ల 60 సెంట్లు. అంటే ఆ 70 డాలర్లు నాలుగు గంటల పని, పన్ను పట్టుకోక ముందు. ఆ నాలుగు గంటలు నువ్వు మంచులో నిలబడింది ఆ షాపు వాడి కోసం. రెండు వారాలకు కట్టలేక ఇంకో షాపులో తీసి ఇక్కడ కడితే, ఇంకో నాలుగు గంటలు. ఏటి ఈతకు లంక మేతకు సరి అన్నట్టు. భోజనాలు ఒక్కసారే తిన్నారు, డబ్బు మాత్రం పదిసార్లు పోయింది. డ్రోను దుబారానో కాదో మాకు తెలీదు. ఆ అప్పు మాత్రం దుబారానే, ఇందులో మా ఆరుగురిదీ ఒకటే మాట.

అన్నిటికంటే పెద్దది చివరికి ఉంచాం. ఏజెంటు డబ్బు. దీన్ని మన భాషలో ఏమంటున్నాం? ఖర్చులు అంటున్నాం. "కెనడా పోవడానికి ఖర్చులు ఇంత అయినయ్" అని గర్వంగా కూడా చెప్తున్నాం. మన ఊరి ఏజెంటుకు లక్షలు. ఇక్కడ దిగాక ఎల్ఎంఐఏ కోసం ఇంకొకడికి వేల డాలర్లు. రెండేళ్లకు పర్మిట్ అయిపోతుంది, మళ్లీ కొత్త ఎల్ఎంఐఏ, మళ్లీ డబ్బు. దోబారా అంటే ఇంతకంటే ఏం కావాలి?

తెలియని తమ్ముళ్ల కోసం చెప్తున్నాం, బాగా చదవండి. ఎల్ఎంఐఏకు ప్రభుత్వ ఫీజు ఒక్కో ఉద్యోగానికి 1000 డాలర్లు. అది కట్టాల్సింది పనిలో పెట్టుకునే ఓనరు. ఆ డబ్బును పనివాడి దగ్గర వసూలు చేయకూడదు, జీతంలో కోయకూడదు. ఒంటారియోలో 2009 చట్టం ఒకటుంది, మొదట ఇళ్లలో ఉండి పనిచేసేవాళ్లకు, 2015 నవంబరు నుంచి బయటి దేశాల నుంచి వచ్చి పనిచేసేవాళ్లందరికీ. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు రిక్రూటరు నీ దగ్గర ఏ పేరుతోనూ డబ్బు తీసుకోకూడదు. నీ పాస్‌పోర్టు వాడి దగ్గర పెట్టుకోకూడదు. కేంద్రం కూడా 2022లో రూల్సు మార్చి, పనివాళ్ల దగ్గర రిక్రూట్‌మెంటు ఫీజులు తీసుకోకూడదని ఓనర్ల మీద బాధ్యత పెట్టింది. అందుకే వాళ్లు రసీదు ఇవ్వరు. క్యాష్ అడుగుతారు, ఇండియాలో మావాడికి ఇవ్వు అంటారు, ట్రైనింగు ఫీజు అని పేరు మారుస్తారు. పేరు మార్చడంలో వాళ్లు మనకంటే తెలివైనవాళ్లు.

మాకు తెలిసిన ఒక కుర్రాడు అలా రెండుసార్లు కట్టాడు. ఇంట్లో ఒక్కరు కూడా దుబారా అనలేదు. పొలం కుదువ పెట్టి మరీ తెచ్చారు. అదే కుర్రాడు పంటి నొప్పికి డాక్టరు దగ్గరికి పోతే 180 డాలర్లు అయిందని చెప్పినప్పుడు మాత్రం అన్నారు. మాటను ఎక్కడ వాడాలో మనకు ఎవరూ నేర్పలేదు. లేకపోతే ఆ ఇంటి తండ్రి ఏజెంటు ఆఫీసులో కుర్చీ మీద కూర్చున్నప్పుడే "ఇది దుబారా కాదా, ఒకసారి కట్టిందానికి మళ్లీ ఎందుకు" అని అడిగేవాడు.

మా ఇంట్లో ఇప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరన్నా ఇంకొకర్ని దుబారా అంటే, ఆగి ఏ రకమో చెప్పాలి. దండగా, ఎచ్చులా, వృథానా, నిజంగా మళ్లీ మళ్లీ పోయే డబ్బా. చెప్పలేకపోతే ఆ రోజు గిన్నెలు ఆయనే తోమాలి. ఉంగరం అన్న ఇప్పటికి మూడుసార్లు తోమాడు. ఉంగరం సంగతి అడిగితే, అది బంగారం, అమ్ముకోవచ్చు, దుబారా కాదు అంటున్నాడు. చిన్నోడు అది ఎచ్చులు అంటున్నాడు. తేలలేదు.

ఈ మాటకు మీ ఊళ్లో ఇంకో పేరు ఉంటే రాయండి, అనంతపురం వైపు, ఖమ్మం వైపు, ఒరిస్సా బోర్డరు వైపు వాళ్లు ముఖ్యంగా. ఏజెంటుకు రెండోసారి డబ్బు కట్టబోతున్నవాళ్లు ఎవరన్నా ఉంటే, కట్టే ముందు ఒక్కసారి మాకు మెసేజ్ పెట్టండి. రేపు ఆరింటికి కాంక్రీటు బండి వస్తుంది, రాత్రికి మైనస్ 8 అంటున్నారు. దుప్పట్లు, హీటరు ఈసారి ముందే తెప్పించారు. ఉంటాం.